మాత్సుకాతా చూడని మ్యూజియం

ఇండియా నుంచి చుట్టాలెవరైనా వస్తే తిప్పి చూపించే వరస టోక్యోలోని తెలుగువాళ్లందరికీ ఇంచుమించు ఒకటే. మొదటిరోజు అసకుసా గుడి, సాయంత్రానికి షిబుయా కూడలి, మర్నాడు స్కైట్రీ, శనాదివారాల్లో ఫుజి కొండ, పిల్లలుంటే డిస్నీలాండ్. నేను మాత్రం ఒక పూట ఉయెనో పార్కుకి అట్టేపెడతాను. అక్కడ పాశ్చాత్య కళల జాతీయ మ్యూజియం ఉంది. ఆ పేరు చెప్పగానే వచ్చినవాళ్లు అడిగే మాట ఒకటే: "యూరప్ బొమ్మలు చూడ్డానికి జపాన్ ఎందుకు? పారిస్‌లోనో లండన్‌లోనో చూడాలి గానీ."

అడగదగ్గ ప్రశ్నే. పారిస్ వెళ్లగలిగినవాళ్లు వెళ్లి చూడాల్సిందే. కానీ ఉయెనో బొమ్మల వెనక పారిస్‌లో దొరకని కథ ఒకటుంది. ఓడలు కట్టే ఒక పెద్దమనిషి, తన దేశంలో బొమ్మలు వేసుకునే కుర్రాళ్లు యూరప్ దాకా వెళ్లలేరు గదా అని, యూరప్‌నే ఇక్కడికి తేవాలని పట్టుబట్టాడు. డబ్బు పోయింది, సగానికి పైగా బొమ్మలు పోయాయి, ఆయన కట్టాలనుకున్న మ్యూజియం కట్టనే లేదు. ఇప్పుడున్న మ్యూజియం తలుపులు తెరిచేసరికి ఆయన కన్నుమూసి తొమ్మిదేళ్లు. ఆయన పేరు మాత్సుకాతా కోజిరో.

1866లో పుట్టాడు. తండ్రి మాత్సుకాతా మసయోషి జపాన్ ప్రధానమంత్రిగా, ఆర్థికమంత్రిగా పనిచేసినవాడు. కొడుకు అమెరికాలో చదువుకొచ్చి, 1896లో కోబే నగరంలోని కవాసాకి ఓడల కర్మాగారానికి అధ్యక్షుడయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. సముద్రం మీద ఓడలు మునిగిపోతున్న కాలం. మాత్సుకాతా ఎవరి ఆర్డరూ లేకుండానే ఒకే నమూనాలో ఓడలు కట్టించి సిద్ధంగా పెట్టుకుని, ధర పెరిగాక అమ్మాడు. అలా వచ్చిన లాభాలతో 1916లో లండన్‌లో బొమ్మలు కొనడం మొదలుపెట్టి పదేళ్లకు పైగా కొంటూనే ఉన్నాడు.

తనకి బొమ్మల గురించి పెద్దగా తెలియదని ఆయనే చెప్పుకునేవాడట. అందుకే తెలిసినవాళ్ల సలహా తీసుకున్నాడు. లండన్‌లో ఫ్రాంక్ బ్రాంగ్విన్ అనే చిత్రకారుడు, పారిస్‌లో రోడిన్ మ్యూజియం బాధ్యతలు చూస్తున్న లెయోన్స్ బెనెదిత్ ఆయనకి తోడు నిలిచారు. 1921లో జివెర్నికి, క్లోద్ మోనే ఇంటికి, స్వయంగా వెళ్లి ఆయన దగ్గరే బొమ్మలు కొన్నాడు. మొత్తం మీద పాశ్చాత్య చిత్రాలు, శిల్పాలు, ఇతర కళావస్తువులు దాదాపు మూడువేలు పోగయ్యాయి. టోక్యోలో అజాబు ప్రాంతంలో స్థలం చూసి, బ్రాంగ్విన్ చేత మ్యూజియం ప్లాను కూడా గీయించాడు.

ఆ తర్వాతిది చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. 1923లో కాంతో భూకంపం టోక్యోని నేలమట్టం చేసింది. మరుసటి ఏడాది ప్రభుత్వం విలాస వస్తువుల దిగుమతి మీద నూటికి నూరు సుంకం వేసింది. దాంతో లండన్, పారిస్‌లలో కొన్న బొమ్మలు అక్కడే ఉండిపోయాయి. 1927లో బ్యాంకులు కూలి కవాసాకి కర్మాగారం అప్పుల్లో పడింది. మాత్సుకాతా పదవి వదులుకుని సొంత ఆస్తి అప్పులకి ధారపోశాడు. జపాన్ చేరిన బొమ్మలు వేలంలో తలా ఒక చేతికి పోయాయి. లండన్ గోదాములో ఉన్న తొమ్మిదివందలకు పైగా కళావస్తువులు 1939 అక్టోబరులో నిప్పంటుకుని బూడిదయ్యాయి. ఆ గోదాములో ఏమేమి ఉన్నాయో తెలిపే జాబితా కూడా 2016 దాకా వెలుగులోకి రాలేదు.

మిగిలినవి పారిస్‌లో ఉన్న సుమారు నాలుగువందలు. వాటిని కాపాడింది హియోకి కోజబురో అనే మాజీ నౌకాదళ అధికారి. జర్మన్ సైన్యం వస్తోందని తెలిసి బొమ్మల్ని పారిస్‌కి పడమట ఉన్న అబొందాన్ అనే పల్లెటూరికి తరలించి దాచాడు. వాటిని చూసుకోవడానికి డబ్బులేక కొన్నింటిని అమ్మాల్సి వచ్చింది. యుద్ధం చివరి దశలో ఫ్రాన్స్ ప్రభుత్వం వాటిని శత్రుదేశస్థుడి ఆస్తిగా స్వాధీనం చేసుకుంది. 1951లో శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందానికి వెళ్లిన జపాన్ ప్రధాని యోషిదా షిగేరు, ఫ్రెంచి విదేశాంగ మంత్రి రోబేర్ షుమాన్‌ని అడిగాడు, ఆ బొమ్మలు మాకు తిరిగివ్వండి అని. యుద్ధంలో ఓడి, పరాయి సైన్యం కింద ఉన్న దేశపు ప్రధాని అడిగినవాటిలో బొమ్మలు కూడా ఉన్నాయంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఫ్రాన్స్ ఒప్పుకుంది గానీ షరతులు పెట్టింది. బొమ్మలు పెట్టడానికి తగిన మ్యూజియం జపాన్ కట్టాలి. ఇరవై దాకా మంచి బొమ్మలు ఫ్రాన్స్ దగ్గరే ఉంటాయి. వాన్ గోగ్ వేసిన ఆర్ల్ పడకగది చిత్రం అలా పారిస్‌లోనే ఉండిపోయింది. మిగిలిన 375 కళాఖండాలు 1959లో టోక్యో చేరాయి. ఆ ఏడు జూన్‌లో మ్యూజియం తెరిచారు. ప్రభుత్వం ఇచ్చిన డబ్బు చాల్లేదు; జనం దగ్గర చందాలు పోగుచేసి కట్టడానికి సాయపడ్డారు. ఆ పడకగది మీద న్యాయంగా హక్కు ఎవరిదని నన్నడిగితే మాత్సుకాతాదే అంటాను. ఆయన డబ్బిచ్చి కొన్నది అది. 2019లో మ్యూజియం అరవై ఏళ్ల ప్రదర్శనకి దాన్ని పారిస్ నుంచి అరువు తెచ్చి గోడకి తగిలించినప్పుడు, తన ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టు కనిపించి మనసు చివుక్కుమంది.

మా నాన్నగారు డ్రాయింగ్ మాస్టారు. రాజమండ్రి చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో రిటైరయ్యేదాకా పిల్లలకి బొమ్మలు నేర్పారు. లోయర్, హయ్యర్ పరీక్షలకి ఎంతమందిని తయారుచేశారో ఆయనకే గుర్తులేదు. యూరప్ చిత్రకారులంటే ప్రాణం. కానీ ఆయన చూసిన యూరప్ అంతా అచ్చులోనే: పాత పుస్తకాల్లో నలుపు తెలుపు బొమ్మలు, కోటగుమ్మం దగ్గర కొన్న క్యాలెండర్లు, ఎవరో ఇచ్చిన పోస్టుకార్డులు. వాటిని చూసే పోస్టర్ కలర్లతో నకళ్లు వేసేవారు. మా హాల్లో గోడకి ఇప్పటికీ ఆయన వేసిన వాన్ గోగ్ పొద్దుతిరుగుడు పూలున్నాయి. సకురా పూలు రాలిపోయాక, ఎండ ఇంకా ముదరకముందు, అమ్మా ఆయనా మా ఇంటికొచ్చారు. ఆ మ్యూజియానికి ఆయన్ని తీసుకెళ్లాలని నేను ఏళ్లుగా అనుకుంటున్నాను.

నిషికసాయ్ నుంచి తోజాయ్ లైన్‌లో నిహొంబాషి, అక్కడ గింజా లైన్ పట్టుకుంటే ఉయెనో. స్టేషన్ నుంచి పార్కు వైపుకి ఎక్కితే మ్యూజియం ఎదురుగానే ఉంటుంది. ముందరి ఆవరణలోకి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. అక్కడ రోడిన్ కంచు శిల్పాలున్నాయి: ఆలోచిస్తున్న మనిషి, కాలే నగర పౌరులు, నరకద్వారం. నాన్నగారు నరకద్వారం దగ్గర ఆగిపోయారు. అయిదు మీటర్లకు మించిన ఎత్తు, దాని మీద వందల దేహాలు జారుతూ, పడుతూ, ఒకరినొకరు పట్టుకుంటూ ఉంటాయి. రోడిన్ బతికుండగా దాన్ని కంచులో పోత పోయనే లేదు. ఆయన పోయాక పోత పోయించమని ముందుగా అడిగినవాళ్లలో మాత్సుకాతా ఒకడు. నాన్నగారు మెడ పైకెత్తి చాలాసేపు చూసి, "ఇటు రామ్మా, ఆ పైన చూడు. ఆ కూర్చున్నాయన, అక్కడ పెద్దగా కూర్చున్నాయన, ఇద్దరూ ఒకరే" అన్నారు. ఆలోచిస్తున్న మనిషి మొదట ఆ ద్వారం మీది బొమ్మే, తర్వాతే విడిగా పెద్దదయ్యింది. నేను చెప్పకుండానే కనిపెట్టారు.

భవనం గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే అందులో మనదేశపు పాలు ఉంది. గీసింది లె కార్బూజియే. చండీగఢ్ కట్టినాయనే. సంగ్రహం పెరిగేకొద్దీ చుట్టూ కొత్త గదులు చేర్చుకుంటూ పోయే మ్యూజియం ఒకటి ఆయన చాలా ఏళ్లు మనసులో పెట్టుకున్నాడు. ఆ ఆలోచనతో కట్టినవి మూడు: అహ్మదాబాద్‌లో సంస్కార్ కేంద్ర, టోక్యోలో ఇది, చండీగఢ్‌లో ప్రభుత్వ మ్యూజియం. మూడూ ఆసియాలోనే. టోక్యోకి ఆయన 1955లో ఒక్కసారే వచ్చాడు, కొద్దిపాటి డ్రాయింగులు పంపాడు. కొలతలు వేసి, లెక్కలు కట్టి నిలబెట్టింది ఆయన దగ్గర పనిచేసిన ముగ్గురు జపనీయులు, మాయెకావా కునియో, సకకురా జున్జో, యోషిజకా తకమసా. పూర్తయిన భవనాన్ని కార్బూజియే కూడా చూడలేదు. 2016లో యునెస్కో ఏడు దేశాల్లోని 17 కార్బూజియే కట్టడాలని ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు చండీగఢ్ క్యాపిటల్ కాంప్లెక్స్‌తో పాటు ఇదీ ఆ జాబితాలో చేరింది.

లోపల మధ్యలో రెండంతస్తుల ఎత్తున్న హాలు, పైన మూడుకోణాల కిటికీలోంచి పడే వెలుతురు, మెట్లకి బదులు ఏటవాలుగా ఎక్కే దారి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకి ఆ దారి బాగా నచ్చింది. కాంక్రీటు స్తంభాల మీద చెక్క చారలు కనిపిస్తే నాన్నగారు చేత్తో తడమబోయి ఆగారు. పోత పోసేటప్పుడు వాడిన పైన్ చెక్కల గుర్తులవి. పై గదుల్లో కొన్నిచోట్ల కప్పు ఎత్తు 226 సెంటీమీటర్లే, అంటే చెయ్యెత్తి నిలబడ్డ మనిషి అందుకునేంత. పెద్ద పెద్ద మ్యూజియాల్లో మనిషి చిన్నవాడైపోతాడు. ఇక్కడ అలా అనిపించదు. 1998లో భవనం పునాది కింద రబ్బరు దిమ్మలు పెట్టి భూకంపాల నుంచి రక్షణ కల్పించారు. నిలబడి ఉన్న భవనానికి జపాన్‌లో ఇలా చేయడం అదే మొదటిసారి.

పాత మత చిత్రాల గదుల్లో నాన్నగారు తొందరగా నడిచారు. ఆగింది అమ్మ. కార్లో డోల్చి అనే ఇటలీ చిత్రకారుడు 1655 ప్రాంతంలో వేసిన శోకమాత ముందు. చీకటి నేపథ్యంలో నీలిరంగు ముసుగు, వంచిన తల, జోడించిన చేతులు. ఏ కథా లేదు, పక్కన ఎవరూ లేరు. "చర్చిలో చూసిన మేరీమాతేనా?" అంది అమ్మ. అవునన్నాను. "అక్కడ కొడుకు చేతిలో ఉంటాడు. ఇక్కడ లేడు. పోయాక వేసిన బొమ్మ అన్నమాట." ఆ నీలం లాపిస్ లాజులి అనే ఖరీదైన రాయిని నూరి చేసిన రంగు. నాన్నగారు వెనక్కొచ్చి ఆ నీలాన్ని పక్కనుంచీ ఎదురుగానూ చూసి, ఇది సీసాలో దొరకదు అని మాత్రం అన్నారు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ఇదే పార్కులో, కాస్త దూరంలో ఉన్న టోక్యో జాతీయ మ్యూజియంలో ఇలాంటి మేరీమాత బొమ్మే ఇంకోటి ఉంది. క్రైస్తవం నిషేధంగా ఉన్న రోజుల్లో, 1708లో, సిదొత్తి అనే సిసిలీ మతగురువు రహస్యంగా జపాన్ దీవి ఒకదానిలో దిగినప్పుడు వెంట తెచ్చుకున్నది. ఆయన్ని పట్టుకుని ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, బంధించారు, అక్కడే పోయాడు. ఒక బొమ్మని ప్రాణానికి తెగించి తెచ్చాడు ఒకాయన, ఇంకో బొమ్మని మ్యూజియం కొని తెచ్చుకుంది. ఇప్పుడు రెండూ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి.

వాన్ గోగ్ గులాబీల దగ్గర నాన్నగారికి మాట పడిపోయింది. 1889లో వేసినది. మాత్సుకాతా సంగ్రహంలోదే. కొలత వింటే ఎవరైనా ఆశ్చర్యపోతారు: 33 సెంటీమీటర్ల ఎత్తు, 41 వెడల్పు. మా స్కూలు డ్రాయింగ్ షీటులో సగం అంత. "ఇంతేనా!" అన్నారు. తర్వాత ముఖం దగ్గరగా పెట్టి, కాపలా ఆవిడ చూస్తుందేమోనని నాకేసి ఓసారి చూసి, మళ్లీ వంగారు. ఆకుపచ్చ మీద ఆకుపచ్చ, దానిమీద తెలుపు, తెలుపులో గులాబీ. రంగు పొలం గట్లలా పైకి లేచి ఉంది. కుంచె ఎటు నుంచి ఎటు వెళ్లిందో, ఎక్కడ ఆగి తిరిగిందో, ఎక్కడ ఇంకా తడిగా ఉండగానే దానిమీద ఇంకో రంగు పడిందో అంతా కనిపిస్తోంది. పై నుంచి పడే దీపం వెలుగుకి ప్రతి గట్టుకీ చిన్న నీడ ఉంది.

"నలభై ఏళ్లు పిల్లలకి చెప్పానమ్మా, ఈయన రంగు దట్టంగా వేస్తాడని. దట్టంగా అంటే ఇదని ఎవరు చూపించారు నాకు? క్యాలెండర్లో అంతా చదునుగా ఉంటుంది" అన్నారు. కాసేపాగి, "కొలత కూడా తెలీదు. పుస్తకంలో అన్ని బొమ్మలూ ఒకే సైజు" అన్నారు.

ఆయన మాట ఎంత నిజమో పక్కగదిలో తేలింది. అక్కడ మోనే కలువలు. 1916లో వేసినది. రెండు మీటర్లకు రెండు మీటర్లు, ఇంచుమించు చతురస్రం. గట్టు లేదు, ఆకాశం లేదు, వంతెన లేదు. మన కళ్లెదుట గోడ నిండా నీళ్లు. ఆకుపచ్చా ఊదా కలిసిన నీళ్లలో ఆకుల గుంపులు, ఆకుల మధ్య పూలు. ఆ పువ్వుల్ని దగ్గర్నుంచి చూస్తే నాలుగైదు కుంచె దెబ్బలు, అంతే. నాన్నగారి పుస్తకంలో ఆ చిన్న గులాబీలూ ఈ కలువలూ ఎదురెదురు పేజీల్లో ఒకే కొలతలో ఉంటాయి. అక్కడ ఈ కలువలు చిన్న తోటబొమ్మ. ఇక్కడ ముందు నిలబడితే కాలు జారి లోపల పడతామేమో అనిపిస్తుంది. కొలత కూడా బొమ్మలో భాగమే, అది ఏ అచ్చులోనూ రాదు. మాత్సుకాతా అసలు బొమ్మలే తేవాలని పట్టుబట్టింది ఇందుకే అయ్యుంటుంది. ఆయన కోరుకున్న ప్రేక్షకుడు మా నాన్నగారిలాంటి మనిషే: బొమ్మలంటే ప్రాణం ఉండి, పారిస్ వెళ్లే దారి లేనివాడు.

మోనే చెరువు కూడా ఊరికే రాలేదు. ఆయన జపాన్ చెక్క అచ్చు బొమ్మలు పోగుచేసుకునేవాడు, తోటలో జపాన్ పద్ధతి వంతెన కట్టించుకున్నాడు. అదే గదిలో ఉన్న ఆయన పడవ బొమ్మ, 1887లోది, చూస్తే ఇంకా స్పష్టం. ఇద్దరమ్మాయిలు పడవలో కూర్చున్నారు. పడవ సగం బొమ్మ బయటికి పోయి కోసేసినట్టుంది. వస్తువుని అలా అంచు దగ్గర కోసెయ్యడం జపాన్ అచ్చు బొమ్మల పద్ధతి. జపాన్ నుంచి యూరప్‌కి వెళ్లిన చూపు, యూరప్ రంగుల్లో మళ్లీ జపాన్ వచ్చింది. మాత్సుకాతా ఇంకో మేలు కూడా చేశాడు. పారిస్‌లో ఆన్రీ వెవేర్ అనే నగల వ్యాపారి పోగుచేసిన జపాన్ అచ్చు బొమ్మల్ని, దాదాపు ఎనిమిదివేలు, కొని స్వదేశం తెచ్చాడు. అవి ఇప్పుడు ఇందాక చెప్పిన టోక్యో జాతీయ మ్యూజియంలోనే ఉన్నాయి. పరాయి కళ తెచ్చినవాడే సొంత కళనీ తిరిగి తెచ్చాడు.

రెన్వార్ అల్జీరియా దుస్తుల్లో కూర్చోబెట్టిన పారిస్ స్త్రీలు, గోగాన్ వేసిన సముద్రం ఒడ్డున ఇద్దరు బ్రెతాన్ పిల్లలు, కూర్బే అల, బ్రాంగ్విన్ వేసిన మాత్సుకాతా చిత్రం, ఇవన్నీ ఆ రోజు చూశాం. మాత్సుకాతా కుర్చీలో వెనక్కి వాలి, చేతిలో పైపుతో ఉంటాడు. నాన్నగారు ఆయనకి నమస్కారం పెట్టారు.

ఈ మ్యూజియం దగ్గర ఇంకో కలువల బొమ్మ ఉంది. అది నేను 2019 ప్రదర్శనలో చూశాను. నాలుగు మీటర్లకు పైగా వెడల్పు. నీళ్లలో విల్లో చెట్టు నీడలు. మాత్సుకాతా మోనే దగ్గర కొన్నదే. అబొందాన్‌లో దాచిన కాలంలో దెబ్బతిని, ఆ తర్వాత ఎవరికీ పట్టకుండా పోయి, 2016లో పారిస్‌లోని లూవ్ర్‌లో చుట్టి పడేసి ఉండగా దొరికింది. పైసగం పూర్తిగా పోయింది. మాత్సుకాతా వంశీకులు దాన్ని మ్యూజియానికి ఇచ్చేశారు. బాగుచేసినవాళ్లు పోయినచోట కొత్తగా రంగు వెయ్యలేదు. మిగిలినదాన్ని శుభ్రంచేసి, ఊడిపోకుండా నిలబెట్టారు. బొమ్మ మొత్తం ఎలా ఉండేదో పాత నలుపు తెలుపు ఫొటో ఆధారంగా కంప్యూటర్లో తయారుచేసి వేరేగా చూపించారు. పోయింది పోయిందని ఒప్పుకున్న ఆ నిజాయితీ నాకు చాలా గొప్పగా అనిపించింది. గుళ్లలో పాత చిత్రాలమీద కొత్త ఎనామిల్ పూసేసే మన అలవాటు గుర్తొచ్చి బాధేసింది.

బయటికొచ్చి చెట్టు కింద బల్లమీద కూర్చున్నాం. నాన్నగారు సాలార్‌జంగ్ మ్యూజియం మాట ఎత్తారు. స్కూలు పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి హైదరాబాద్ తీసుకెళ్లినప్పుడల్లా ముసుగు రెబెక్కా ముందు నిలబెట్టి, పాలరాయిలో పల్చటి ముసుగు ఎలా చెక్కాడో చూడండర్రా అని చెప్పేవారు. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన ఆ బొమ్మని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. మనవడు మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా కొంటూనే ఉండి, పెళ్లి చేసుకోకుండా 1949లో పోయాడు. 1951 డిసెంబరులో నెహ్రూ ఆ సంగ్రహాన్ని జనానికి తెరిచారు. అదే ఏడు సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో యోషిదా మాత్సుకాతా బొమ్మల కోసం అడుగుతున్నాడు. ఇక్కడ మాత్సుకాతా, అక్కడ సాలార్‌జంగ్, ఇద్దరూ సొంత డబ్బుతో కొన్నారు. ఇద్దరి సొత్తూ చివరికి టికెట్ కొనుక్కున్న ప్రతి ఒక్కరిదీ అయ్యింది.

అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయని మనకి బాధ ఉంది, ఉండాలి కూడా. అవి అడిగి కొన్నవి కావు. కానీ హైదరాబాద్‌లో రెబెక్కానీ, ఉయెనోలో కలువల్నీ చూసినప్పుడు నాకు వేరే ధైర్యం కలుగుతుంది. ఆసియాలో ఒకడు ఇష్టపడి, వెల ఇచ్చి, తనవాళ్ల కోసం తెచ్చుకున్న కళ మీద మనకి పూర్తి హక్కుంది. దాన్ని పరాయిదనుకుని పక్కకి తప్పుకోవలసిన పని లేదు.

నాన్నగారు రాజమండ్రి మాట కూడా అన్నారు. దామెర్ల రామారావు 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయాడు. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చెయ్యి చూసి బొంబాయి జె.జె. స్కూలుకి పంపాడు. అక్కడ యూరప్ పద్ధతి నేర్చి, ఆ పద్ధతిలో మన గోదావరినీ మన మనుషుల్నీ వేశాడు. అప్పట్లోనే మాత్సుకాతా తన బొమ్మల్ని ఎక్కడ పెట్టాలా అని సతమతమవుతున్నాడు. "అలాంటి మ్యూజియం మన దగ్గరా ఒకటి అప్పుడే ఉండుంటే, ఆ కుర్రాడు ఇంకెంత చూసేవాడో" అన్నారు నాన్నగారు.

టోక్యో వచ్చే మనవాళ్లకి నా మనవి. ఉయెనో మ్యూజియానికి ఒక పూట ఇవ్వండి. సోమవారం సెలవు. శుక్ర, శనివారాల్లో రాత్రి ఎనిమిదింటిదాకా తెరిచే ఉంటుంది. శాశ్వత ప్రదర్శన టికెట్ 500 యెన్‌లే. చాలావరకు నెలలో రెండో ఆదివారం అదీ ఉచితం, ఆ ఖర్చు భరిస్తున్నది మాత్సుకాతా నడిపిన కవాసాకి సంస్థే. అన్ని గదులూ చుట్టెయ్యాలనుకోకండి. రెండు మూడు బొమ్మల ముందు నిలబడండి చాలు. ఇంట్లో బొమ్మలు వేసే పిల్లలుంటే వాళ్లని తప్పకుండా తీసుకెళ్లండి, ఫోన్లో చూశాంగా అంటే ఒప్పుకోకండి. టోక్యో రాలేనివాళ్లు హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్‌లో పాశ్చాత్య విభాగానికి, గోదావరి వైపు ఉంటే రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్లండి. మీ ఊరి స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు ఇంకా ఉంటే ఆయన్నీ వెంట తీసుకెళ్లండి.